పాత కార్లే అందంగా ఉండేవా? స్టైలింగ్ వాదనలో కలగలిసిపోయిన మూడు విషయాలు

2024 ఫిబ్రవరిలో రెనో కంపెనీ తన 1972 నాటి ‘రెనో 5’ రూపాన్ని విద్యుత్ కారుగా తిరిగి తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో జాగ్వార్ ‘టైప్ 00’ అనే కాన్సెప్ట్ కారును, అంటే రాబోయే డిజైన్‌ను చూపే నమూనాను, ప్రదర్శించింది. మొదటిది పాత రూపాన్ని ప్రేమగా గుర్తుచేసింది. రెండోది పాత జాగ్వార్ ఒంపులన్నీ వదిలేసి, పెద్ద దిమ్మెను చెక్కినట్టు వచ్చింది. రెండింటి మీదా అభిమానులు రెండుగా చీలిపోయారు. పాతదాన్ని మళ్లీ గీయడం సోమరితనమని ఒకరంటే, పాతదాన్ని వదిలేయడం ద్రోహమని ఇంకొకరు అన్నారు.

ఈ గొడవ కొత్తది కాదు. చాలాసార్లు ఇది తెగకపోవడానికి కారణం, వాదించేవాళ్లు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతూ ఒకే విషయం అనుకోవడం. “పాత కారు అందం” అన్నప్పుడు ఒకరి మనసులో పొడవాటి బోనెట్ ఉంటుంది, ఇంకొకరికి నునుపైన రేకు గుర్తొస్తుంది, మరొకరు గుండ్రటి లైట్లను, క్రోమ్ బంపర్‌ను తలుచుకుంటారు. ఈ మూడూ మారాయి. కానీ ఒక్కోటీ ఒక్కో కారణంతో మారింది.

## స్టైలింగ్‌లో ఏమేం ఉంటాయి

మొదటిది కొలతల పొందిక. చక్రాలు ఎక్కడున్నాయి, అవి ఎంత పెద్దవి, బోనెట్ ఎంత పొడవు, పైకప్పు ఎంత ఎత్తు, కిటికీ అద్దానికీ దాని కింది రేకుకూ ఉన్న నిష్పత్తి ఎంత అన్నవి ఇందులోకి వస్తాయి. కారును వంద అడుగుల దూరం నుంచి చూసినా కనిపించేది ఇదే.

రెండోది రేకు ఒంపు. తలుపు మీద వెలుగు ఎలా జారుతుంది, గీత ఎక్కడ మొదలై ఎక్కడ కలిసిపోతుంది అనేది పది అడుగుల దూరంలో తెలుస్తుంది.

మూడోది వివరాలు: గ్రిల్ (ముందు భాగంలో గాలి లోపలికి వెళ్లే జాలీ), లైట్లు, బంపర్, క్రోమ్ పట్టీలు, చక్రాల డిజైన్. ఫొటోలో మొదట కంటికి తగిలేవి ఇవే కాబట్టి వాదనలో ఎక్కువ భాగం వీటి చుట్టే తిరుగుతుంది. నిజానికి కారు అందాన్ని ఎక్కువగా నిర్ణయించేది మొదటిదే. పొందిక కుదిరిన కారు మీద చెత్త గ్రిల్ పెట్టినా కొంత నిలబడుతుంది. పొందిక కుదరకపోతే ఎంత మంచి లైట్లూ దాన్ని కాపాడలేవు.

పెద్ద కంపెనీలో ఈ పనికి ప్రత్యేక విభాగం పెట్టిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది 1927లో జనరల్ మోటార్స్‌లో డిజైనర్ హార్లీ ఎర్ల్ నడిపిన ‘ఆర్ట్ అండ్ కలర్’ విభాగం. బంకమట్టితో పూర్తి సైజు నమూనా చేసి చూసే పద్ధతిని ఆయన స్థిరపరిచాడు. కంప్యూటర్లు వచ్చాక కూడా డిజైన్ స్టూడియోలు ఆ మట్టిని వదల్లేదు. తెర మీద బాగున్న ఒంపు ఆరుబయట వెలుగులో తేలిపోయే సందర్భాలు ఎక్కువ మరి.

## పొడవాటి బోనెట్ వెనక ఉన్న ఇంజిన్

1961 నాటి జాగ్వార్ ఈ-టైప్‌ను చాలామంది అందానికి కొలబద్దగా చెబుతారు. ఆ బోనెట్ అంత పొడవుగా ఉండటానికి కారణం దాని కింద వరుసగా నిలువునా పెట్టిన ఆరు సిలిండర్ల 3.8 లీటర్ల ఇంజిన్. దాని వెనక గేర్‌బాక్స్, అక్కడి నుంచి వెనక చక్రాలకు షాఫ్ట్. ఇంజిన్ పొడవే కారుకు రూపం ఇచ్చింది.

ఇక్కడ డిజైనర్లు చూసే ముఖ్యమైన కొలత ఒకటుంది. ముందు చక్రం మధ్య నుంచి డాష్‌బోర్డ్ మొదలయ్యే చోటు దాకా ఉన్న దూరం. దీన్ని ‘డాష్-టు-యాక్సిల్’ అంటారు. ఈ దూరం ఎక్కువైతే కారు వెనక చక్రాల మీద ఒరిగి ముందుకు దూకబోతున్నట్టు కనిపిస్తుంది. తక్కువైతే ముందు చక్రం తలుపులోకి చొచ్చుకొచ్చినట్టుంటుంది.

1959లో డిజైనర్ అలెక్ ఇసిగోనిస్ మినీ అనే చిన్న కారులో ఇంజిన్‌ను అడ్డంగా తిప్పి, ముందు చక్రాలకే శక్తినిచ్చాడు. సుమారు 3.05 మీటర్ల కారులో నలుగురికి చోటు దొరికింది. తర్వాతి దశాబ్దాల్లో చిన్న, మధ్యతరహా కార్లు చాలావరకు ఈ దారి పట్టాయి. ఇంజిన్ అడ్డంగా పడ్డాక బోనెట్ కురచైంది, ముందు చక్రం తలుపుకు దగ్గరైంది. “ఇవాళ్టి కార్లకు ఠీవి లేదు” అనే ఫిర్యాదులో పెద్ద భాగం ఇదే. గీసినవాళ్ల చేతకానితనం కాదది, లోపల కూర్చునేవాళ్లకు చోటిచ్చినందుకు పడిన ఖరీదు.

జాగ్వార్ టైప్ 00 ఈ కోణంలో ఆసక్తికరం. అది విద్యుత్ కారు, బోనెట్ కింద పొడవాటి ఇంజిన్ ఏదీ లేదు. అయినా బోనెట్‌ను చాలా పొడవుగా గీశారు. ఒకప్పుడు అవసరం కొద్దీ వచ్చిన పొందిక ఇప్పుడు ఎంచుకున్న అలంకారమైంది. కొందరికి ఇది గౌరవం, కొందరికి ఇది స్థలం వృథా. రెండు వాదాలూ నిజమే. ఆ పొడవంతా లోపలి చోటు నుంచే తీసుకున్నారు.

## బోనెట్ ఎత్తు పెరిగింది, స్తంభాలు లావెక్కాయి

పాత స్పోర్ట్స్ కారు ముక్కు నేలకు ఆనుకున్నట్టు ఉండేది. ఇవాళ అలా గీయడం కష్టం. దానికి ప్రధాన కారణం రోడ్డు మీద నడిచే మనిషి.

కారు తగిలినప్పుడు మనిషి తల బోనెట్ మీద పడుతుంది. రేకు వంగుతుంది కానీ, దాని కిందే ఇంజిన్ ఉంటే అది వంగదు. తల సెకనుకు 9.7 మీటర్ల వేగంతో, అంటే గంటకు 35 కిలోమీటర్లతో తగిలిందనుకుందాం. ఆగడానికి 2 సెంటీమీటర్ల చోటే ఉంటే, వేగం ఒకే తీరున తగ్గిందని లెక్కేసినా, తల మీద పడే తాకిడి భూమ్యాకర్షణకు సుమారు 240 రెట్లు. అదే 7 సెంటీమీటర్లు ఉంటే 70 రెట్లలోపే. ఆ 5 సెంటీమీటర్ల తేడా ప్రాణానికి సంబంధించింది. యూరోపియన్ యూనియన్ 2003లో పాదచారుల రక్షణ నిబంధన తెచ్చి, 2005 నుంచి అమలు చేసింది. ఇంజిన్‌కూ బోనెట్‌కూ మధ్య ఖాళీ తప్పనిసరి అవసరమైంది, ముక్కు పైకి లేచింది. కొన్ని కార్లు దీనికి వేరే దారి వెతికాయి. 2006 నాటి జాగ్వార్ ఎక్స్‌కేలో మనిషి తగిలిన క్షణంలో బోనెట్ వెనక అంచును చిన్న పేలుడు పరికరం పైకి లేపుతుంది. ఖరీదైన పరిష్కారం కాబట్టి మామూలు కార్లలో అరుదు.

బోనెట్ లేస్తే, దాని వెంట కిటికీ కింది అంచు కూడా లేవాలి. లేకపోతే గీత విరిగిపోతుంది. పక్క నుంచి గుద్దుకునే ప్రమాదాల కోసం తలుపు లోపలి భాగం మందం పెరగడం కూడా ఇందుకు తోడైంది. ఫలితం: లోతైన తలుపు, సన్నటి అద్దం. “కొత్త కారులో బావిలో కూర్చున్నట్టుంది” అనేవాళ్లు కల్పించి చెప్పడం లేదు.

పైకప్పును మోసే స్తంభాల కథ కూడా ఇంతే. అమెరికా పాత నిబంధన ప్రకారం పైకప్పు కారు బరువుకు ఒకటిన్నర రెట్ల ఒత్తిడిని తట్టుకుంటే చాలు. 2009లో మామూలు కార్లకు దాన్ని మూడు రెట్లు చేశారు. 1,500 కిలోల కారు అనుకుంటే 2,250 కిలోల భారం నుంచి 4,500 కిలోలకు పెరిగింది. ముందు అద్దానికి ఇరువైపులా ఉండే ఏ-పిల్లర్ దీన్ని మోయాలి, కొన్ని కార్లలో కిటికీల మీదుగా తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌కూ దారివ్వాలి. అందుకే లావైంది. ఇక్కడొక చిక్కుంది: పిల్లర్ లావయ్యే కొద్దీ మలుపులో రోడ్డు దాటే మనిషి దాని వెనక దాక్కుపోతాడు. పాత కార్ల సన్నటి పిల్లర్లను మెచ్చుకునేవాళ్లు కేవలం అందం గురించే మాట్లాడటం లేదు. సన్నగా, బలంగా చేయడం అసాధ్యమేమీ కాదు. 2016 హోండా ఎన్‌ఎస్‌ఎక్స్‌లో అత్యంత బలమైన ఉక్కు గొట్టాన్ని వంచి, వేడి చేసి వెంటనే చల్లార్చి చేసిన సన్నటి పిల్లర్ వాడారు. ఆ పద్ధతికి అయ్యే ఖర్చే అడ్డు.

## గాలి లెక్క, అది చెప్పనివి

“గాలి సొరంగంలో పరీక్షిస్తారు కాబట్టి కార్లన్నీ ఒకేలా తయారయ్యాయి” అన్నది అందరూ అనే మాట. ఇందులో సగమే నిజం.

గాలి అడ్డుకునే బలం రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఆకారం ఎంత సాఫీగా ఉందో చెప్పే అంకె, దాన్ని ‘సీడీ’ అంటారు, అది ఎంత తక్కువైతే అంత సాఫీ. రెండోది ఎదురుగా చూస్తే కారు ఆక్రమించే వైశాల్యం. ఈ రెంటినీ గుణించాలి. మూడు ఉజ్జాయింపు కార్లు తీసుకుందాం, వేగం గంటకు 100 కిలోమీటర్లు. 1960ల తరహా చిన్న సెడాన్: సీడీ 0.45, వైశాల్యం 1.8 చదరపు మీటర్లు. గుణిస్తే 0.81, గాలిని చీల్చడానికే సుమారు 10.4 కిలోవాట్లు కావాలి. ఇవాళ్టి సాఫీ విద్యుత్ సెడాన్: 0.25 సార్లు 2.3, అంటే 0.575, శక్తి 7.4 కిలోవాట్లు. ఇవాళ్టి పెద్ద ఎస్‌యూవీ: 0.33 సార్లు 2.7, అంటే 0.89, శక్తి 11.5 కిలోవాట్లు.

మూడో అంకెను మళ్లీ చూడాలి. ఆకారం ఎంతో మెరుగైనా, ఆ ఎస్‌యూవీ పాత చిన్న సెడాన్ కంటే గాలిని ఎక్కువగా నెడుతోంది. ఎస్‌యూవీల రూపానికి గాలి సొరంగాన్ని నిందించడం సరికాదు. ఎత్తుగా కూర్చోవాలన్న కొనుగోలుదారు కోరికే ఆ ఆకారాన్ని నిర్ణయించింది. సెడాన్లలో మాత్రం గాలి మాట చెల్లుతుంది. 2021 మెర్సిడెస్ ఈక్యూఎస్ సీడీ 0.20. ఆ అంకె కోసం పైకప్పు ముందు నుంచి వెనక దాకా ఒకే విల్లులా వంగింది, బోనెట్‌కూ క్యాబిన్‌కూ తేడా చెరిగిపోయింది. ఇంజినీర్లు మెచ్చారు, మెర్సిడెస్ ఠీవి కోరుకున్నవాళ్లు నొచ్చుకున్నారు.

చూడ్డానికి నునుపైన కారు గాలికీ నునుపుగానే ఉంటుందని అనుకోకూడదు. ఈ-టైప్‌ను గీసిన మాల్కమ్ సేయర్ విమాన రంగం నుంచి వచ్చినవాడు, ఒంపులను గణితంతో లెక్కగట్టినవాడు. అయినా దాని సీడీ సుమారు 0.44 అని చెబుతారు. 1982 ఆడి 100 అనే సాదాసీదా సెడాన్ 0.30 సాధించింది. అద్దాలను రేకుతో సమంగా అమర్చడం వంటి చిన్న పనులు అందులో పెద్ద పాత్ర పోషించాయి.

గాలికి తగ్గట్టు గీయడం కూడా నిన్న మొన్నటి ఆలోచన కాదు. 1934లోనే టాట్రా 77, క్రిస్లర్ ఎయిర్‌ఫ్లో వచ్చాయి. ఎయిర్‌ఫ్లోను జనం తిప్పికొట్టారు. 1955లో సిట్రోయెన్ డీఎస్‌కు పారిస్ ప్రదర్శన మొదటి రోజే వేల ఆర్డర్లు పడ్డాయి. ఒకే సూత్రం, ఇరవై ఏళ్ల తేడా, పూర్తిగా వేరే ఆదరణ.

## పాత రోజుల్లో డిజైనర్‌కు అంత స్వేచ్ఛ ఉండేదా?

ఉండేది కానీ, అనుకున్నంత లేదు. అమెరికాలో 1940 నుంచి అన్ని కార్లకూ ఒకే కొలత గుండ్రటి సీల్డ్ బీమ్ లైట్లు (బల్బు, అద్దం కలిపి ఒకే ముక్కగా మూసేసినవి) తప్పనిసరి. నాలుగు లైట్లకు 1950ల చివర్లో, దీర్ఘచతురస్రపు లైట్లకు 1970ల మధ్యలో అనుమతి వచ్చింది. సొంత ఆకారపు లైట్లు 1984 మోడళ్లతో మొదలయ్యాయి. ఈ-టైప్ లైట్ల మీది అందమైన గాజు మూతలు 1960ల చివర్లో మాయం కావడానికి కూడా అమెరికా నిబంధనలే కారణం. గుండ్రటి లైటును ఇవాళ ప్రేమిస్తున్నాం సరే, ఆనాటి డిజైనర్లకు అది విధించిన వస్తువు.

1973, 74 మోడళ్లకు గంటకు 5 మైళ్ల వేగంతో గుద్దుకున్నా భద్రతా భాగాలు దెబ్బతినకూడదన్న అమెరికా నిబంధన వచ్చింది. సన్నటి క్రోమ్ బంపర్ల చోట బరువైన దిమ్మెలు చేరాయి. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు నల్లటి రబ్బరు ముక్కు తగిలించి, ఎత్తు కూడా పెంచారు. కారు అందం, మలుపులో నిలకడ రెండూ దెబ్బతిన్నాయి. ఇవాళ అదే ఎంజీబీ క్రోమ్ బంపర్ రకానికే అభిమానులు ఎక్కువ. పాతవాటిలోనూ ఏ పాతది అన్న ప్రశ్న ఉందన్నమాట.

ఇంకో చిక్కు: మనం పోల్చేవి ఏవి? పాత కాలం నుంచి దాచుకున్నవి లంబోర్గిని మియురా, ఈ-టైప్, డీఎస్ లాంటివి. ఆనాటి వేలాది మామూలు సెడాన్లు తుప్పుపట్టి తుక్కులోకి పోయాయి. అవి కూడా ఒకదానికొకటి పోలికగానే ఉండేవి: బోనెట్, క్యాబిన్, డిక్కీ అనే మూడు పెట్టెలు, గుండ్రటి లైట్లు, సన్నటి గ్రిల్. మిగిలిన ఉత్తమాలను ఇవాళ పార్కింగ్‌లో ఉన్న సగటు కారుతో తూచడం న్యాయం కాదు. అయితే ఈ వాదన అంతా తేల్చేయదు. 1974 ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ మామూలు జనం కారే. ఇటలీ డిజైనర్ జుజారో గీసిన ఆ శుభ్రమైన పెట్టె ఇవాళ్టికీ పొందికకు పాఠం. సగటు కారు కూడా అందంగా ఉండగలదని అది చూపించింది.

## రేకు మీద గీతలు ఎందుకు పెరిగాయి

పాత కార్ల రేకును సాపేక్షంగా పెద్ద ఒంపులతో ప్రెస్‌లో అచ్చువేసేవారు. పదునైన మడత వేస్తే రేకు చిరిగేది, లేదా అతుకు పెట్టి సీసంతో నింపాల్సి వచ్చేది. క్రోమ్ పట్టీల్లో కొన్ని ఆ అతుకులను కప్పేందుకే పుట్టాయి. అచ్చును కంప్యూటర్‌లో ముందే పరీక్షించే వీలొచ్చాక పదునైన గీతలు చవకయ్యాయి. పలచటి రేకుకు గీత కొంత బిగువు కూడా ఇస్తుంది. చదునైన పెద్ద తలుపు చేత్తో నొక్కితే లోపలికి పోతుంది, గీత ఉంటే తక్కువ పోతుంది.

అవసరానికి మించి గీతలు వేసే అలవాటు మాత్రం వేరే కారణంతో వచ్చింది. కారు ఎత్తు పెరిగితే పక్క భాగం గోడలా కనిపిస్తుంది. ఆ గోడను విడగొట్టి చూపడానికి గీతలు గీస్తారు. పక్క నుంచి వంగి చూస్తే తేడా పట్టుకోవచ్చు: మంచి రేకు మీద నేల, ఆకాశం కలిసే గీత తెగకుండా సాగుతుంది. అతిగా గీసిన తలుపు మీద అది మూడు నాలుగు చోట్ల విరుగుతుంది. అలాంటి తలుపుకు దెబ్బ తగిలితే టింకరింగ్‌లో అసలు గీతను తిరిగి నిలబెట్టడం చాలా కష్టం, తలుపు రేకే మార్చాల్సి రావచ్చు.

బీఎండబ్ల్యూ డిజైన్ అధిపతి క్రిస్ బ్యాంగిల్ నాయకత్వంలో 2001లో వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్ ఈ చర్చలో మలుపు. పైన వేరే మూత పెట్టినట్టున్న దాని డిక్కీని అభిమానులు తీవ్రంగా తిట్టారు. మరుసటి ఏడాది అదే కంపెనీ స్పోర్ట్స్ కారు జెడ్4లో లోపలికీ బయటికీ తిరిగే రేకు తలాలు వచ్చాయి. తర్వాత పదేళ్లలో ఎత్తైన డిక్కీ, మెలితిరిగిన పక్కలు ఎన్నో బ్రాండ్లకు పాకాయి. బ్యాంగిల్ పొరపాటు చేశాడా, ముందుగా చూశాడా అన్నది నేటికీ తెగలేదు. జెడ్4 ఇవాళ చూస్తే బాగా నిలబడింది. ఆ 7 సిరీస్ డిక్కీ మాత్రం ఇంకా బరువుగానే ఉంది.

## ముఖం: గ్రిల్, లైట్లు

ఇక్కడ నిబంధనలు, భౌతికశాస్త్రం చెప్పేది తక్కువ, బ్రాండ్ చెప్పేది ఎక్కువ. కాబట్టి అభిమానుల విమర్శకు పూర్తి హక్కున్న చోటు ఇదే. 2020 బీఎండబ్ల్యూ 4 సిరీస్ నిలువు గ్రిల్ మీద దుమారం రేగినప్పుడు, 1936 నాటి 328కు కూడా పొడవాటి నిలువు గ్రిల్ ఉందని సమర్థకులు చెప్పారు. నిజమే. కానీ 328 ముక్కు ఇరుకుగా, ఎత్తుగా ఉండి ఆ గ్రిల్‌కు సరిపోయింది. 4 సిరీస్ ముక్కు వెడల్పైనది. ఆకారం అదే, దాన్ని మోసే పొందిక వేరు.

గ్రిల్ అసలు పని ఇంజిన్‌ను చల్లబరిచే గాలిని లోపలికి పంపడం, విద్యుత్ కారుకు అంత గాలి అక్కర్లేదు. అయినా బీఎండబ్ల్యూ విద్యుత్ కారు ఐఎక్స్‌లో గ్రిల్ స్థానాన్ని ఉంచి, దాని వెనక రేడార్, కెమెరా దాచారు. ఇది కనీసం పనికొచ్చే వేషం. వెనక బంపర్‌లో మూసేసిన నకిలీ సైలెన్సర్ గొట్టాలు, గాలి వెళ్లని జాలీలకు అలాంటి సమర్థన దొరకదు.

లైట్ల విషయంలో అందానికి తోడు మరమ్మతు ఖర్చు కూడా ఉంది. పాత సీల్డ్ బీమ్ పోతే ఎక్కడైనా అదే కొలతది దొరికేది. ఇవాళ్టి ఎల్‌ఈడీ లైటులో ఒక భాగం పోతే చాలా కార్లలో మొత్తం యూనిట్ మార్చాలి. పదిహేనేళ్ల తర్వాత ఆ యూనిట్ దొరక్కపోతే కారు ముఖమే పోతుంది. ఇవాళ్టి కార్లలో ఎన్ని క్లాసిక్‌లుగా మిగులుతాయన్నది రూపం కంటే దీని మీదే ఎక్కువ ఆధారపడవచ్చు.

## పాత రూపం, కొత్త కొలతలు

పాత రూపాన్ని తిరిగి తెచ్చే రెట్రో డిజైన్ ఎక్కడ తడబడుతుందో చెప్పడానికి 1997 ఫోక్స్‌వ్యాగన్ న్యూ బీటిల్ మంచి ఉదాహరణ. అసలు బీటిల్‌కు ఇంజిన్ వెనక ఉండేది. కొత్తదానికి గోల్ఫ్ అడుగుభాగం వాడి ఇంజిన్ ముందు పెట్టారు. విల్లులాంటి పైకప్పును మాత్రం అలాగే ఉంచారు. దాంతో ముందు అద్దం డ్రైవర్‌కు చాలా దూరం జరిగి, మధ్యలో మైదానంలాంటి డాష్‌బోర్డ్ మిగిలింది. వెనక కూర్చున్నవాళ్ల తల పైకప్పుకు తగిలేది. రూపం బయట నుంచి వచ్చింది, లోపలి అమరికతో మాట్లాడలేదు.

రెనో 5 మెరుగ్గా చేసింది. పాత కారు బోనెట్ మీద ఒక పక్కన గాలి జాలీ ఉండేది. కొత్తదానిలో అదే చోట ఛార్జింగ్ ఎంత ఎక్కిందో చూపే లైటు పెట్టారు. గుర్తూ మిగిలింది, దానికి పనీ దొరికింది.

హ్యుందాయ్ అయానిక్ 5 ఇంకా ఆసక్తికరం. 1975 పోనీని గుర్తుచేసే ఈ కారు ఫొటోలో చిన్న హ్యాచ్‌బ్యాక్‌లా ఉంటుంది. ఎదురుగా నిలబడితే దాని తొలి రకం పొడవు 4,635 మిల్లీమీటర్లు, ఎత్తు 1,605. బ్యాటరీ నేలలో ఉండటంతో మనుషులు, వాళ్ల వెంట పైకప్పు పైకి జరిగాయి. అయినా ఫొటోలో ఎలా మోసం చేస్తోంది? చక్రాలతో. తొలి గోల్ఫ్ టైరు 155 మిల్లీమీటర్ల వెడల్పు, 13 అంగుళాల రిమ్, అంటే మొత్తం వ్యాసం సుమారు 578 మిల్లీమీటర్లు. కారు ఎత్తు సుమారు 1,400, కాబట్టి చక్రం అందులో 41 శాతం. అయానిక్ 5కి 255/45 ఆర్20 టైరు (20 అంగుళాల రిమ్) వేస్తే వ్యాసం 737, ఎత్తులో 46 శాతం. అదే గోల్ఫ్ చక్రాన్ని దీనికి తగిలిస్తే 36 శాతానికి పడిపోయి, బండి బొమ్మకారులా కనిపించేది.

ఆ పెద్ద రిమ్ములు బరువెక్కువ, టైర్లు ఖరీదు, ఒక ఛార్జింగ్‌తో వెళ్లే దూరం (రేంజ్) కూడా కొంత తగ్గుతుంది. చిన్న రిమ్ములున్న రకం ఎంచుకుంటే అవన్నీ మెరుగవుతాయి, పక్క నుంచి చూస్తే రేకు ఎక్కువ కనిపిస్తుంది.